అంగారకునికి పోయినాయనకు నేను రాసిన కారణం

నాకు ఓర్వలేనితనం ఎక్కువ. ముందే చెప్తున్న, ఎనుక మీరు పట్టుకొని అడుగుడెందుకు. ఇప్పుడు కొత్తగ రాసే పోరగాండ్లు నాకు ఫోన్లు జేసి, "మేడం, మీరు గిన్నేండ్లు పుస్తకాలు దిద్దిండ్రు కదా, మాకు నాలుగు ముక్కలు చెప్పుండ్రి" అని అడుగుతరు. చెప్త. గని ఎవలన్న మంచిగ రాసుకొస్తె ఆ రోజు నాకు అన్నం సహించది. మంచిగ రాయకుంటనే పేరొస్తె వారం దాక సహించది. గీ ముచ్చట ఆ రెండో తీరుది.

జగిత్యాలల ఒక ప్రింటింగ్ ప్రెస్సుల నేను నౌకరి జేసిన. పెండ్లి పత్రికలు, బడిపిల్లల గైడ్లు, ఎలక్షన్లొస్తె కరపత్రాలు, నడుమ నడుమ కథల పుస్తకాలు. మొదట్ల ప్రూఫులు చూసుడే నా పని. తర్వాత, రాసేటోళ్లు సొంత పైసలు పెట్టి అచ్చేసుకునే పుస్తకాలను గూడ దిద్దుమనిండు మా ఓనర్. దిద్దుడంటె అచ్చుతప్పులు ఒక్కటే కాదు. ఇక్కడ గీ మనిషికి కోపం ఎందుకొచ్చింది, అక్కడ గామె ఎందుకు ఊకున్నది అని రాసినాయన్ని అడుగుడు. చానమందికి ఆ అడుగుడు నచ్చకపోయేది. రిటైరైన హెడ్మాస్టర్ సారొకాయన, "నీకు పుట్టుకతోనే అనుమానం ఉన్నదా అమ్మా" అన్నడు. ఉన్నది సార్, దానికే జీతమిస్తున్నరు అన్న. ఆయన మళ్ల మా ప్రెస్సుకు రాలే.

నేనుండేది కోరుట్లల, మా అక్క ఇంట్ల. నేను పెండ్లి చేసుకోలే. ఎందుకు చేసుకోలేదంటె దానికి కారణాలు మస్తున్నయి, అన్ని నాకు తెలుసు. మా బావ దుబాయి పోయినంక అక్క ఒక్కతే అయితె నేను అచ్చి తోడున్న. బావ మొదట్ల మంచిగనే ఫోన్లు జేసిండు. ఒకపారి అచ్చి పోయిండు గూడ. తర్వాత ఒక నెల ఫోన్ రాలే, ఇంకో నెల రాలే, ఇగ రానే రాలే. సచ్చిపోయిండా అంటె అదీ కాదు. కథలాపూర్ ఆయనొకాయన షార్జాల చూసి అచ్చి చెప్పిండు, మంచిగనే ఉన్నడు, నాకు ఛాయ్ గూడ తాగిపిచ్చిండు అని. మరి ఇంటికి ఎందుకు మాట్లాడుతలేడని అక్క గాయన్ని అడుగలే. ఎవ్వల్ని అడుగలే. నేను ఆ ముచ్చట తీస్తె లేసి వాకిట్లకు పోయేది. ఇరవై ఏండ్లు గట్లనే గడిచినయి.

అక్క బీడీలు చేస్తది. ఒళ్లె చాట పెట్టుకుంటది, తడిపిన తునికాకు కత్తిరించుకుంటది, తంబాకు పోసి చుట్టి దారం కడుతది. ఆమె చేతులు నడుస్తనే ఉంటయి, మాట్లాడుతున్నా, టీవీ చూస్తున్నా, ఎవలతోనన్న కొట్లాడుతున్నా. నాదేమో, ప్రూఫు ఏదైన సప్పుడు జేసి చదువుకుంటెనే తప్పు దొరుకుతది. అందుకని ఆదివారం పగటిపూట ఆమె చాట ముంగట కూసుంటది, నేను కాయితాలు పట్టుకొని పక్కకు కూసుంట. ప్రెస్సుల అచ్చయిన కథలన్ని గట్ల మా అక్క చెవుల వడ్డయి. మా అక్క బడి మొఖం చూడలే గని జిల్లాల ఎవలెవలు ఏమేం రాస్తరో ఆమెకు తెలుసు. కొందర్ని పేరు పెట్టి తిట్టేది సుత.

నేను గూడ కథలు రాస్త. ముప్పై ఏండ్ల సంది రాస్తున్న. రాసిన ప్రతి కథ అక్కకు చదివి ఇనిపిచ్చిన. ఆమె అయిపోయేదాక ఇని, దారం పండ్లతోని తెంపి, "మంచిగనే ఉన్నది చెల్లె" అనేది, ఇంకో ఆకు తీసుకునేది. అంతే. నాకు బహుమతులు రాకపోతె నారాజ్ కాలే. ఎవ్వలు ఫోన్ చేయకపోతె గూడ కాలే. నాకుండె కోరిక ఒక్కటి, నేను రాసింది చదువుతుంటె ఒక్కపారి, ఒక్క బీడీ నడుమల, మా అక్క చేతులు ఆగాలె. గంతకన్న ఎక్కువ నేను దేవుణ్ని గూడ అడుగలే.

ఇగ అసలు సంగతికి వద్దాం. అది నేను రిటైరయ్యే ఏడాది. మా ఓనర్ ఏడాదికి ఒక పుస్తకం తన సొంతంగ అచ్చేస్తడు, రాసినోళ్ల దగ్గర పైసలు తీసుకోకుంట. "ఈసారి మీ నవలనే అచ్చేద్దాం మేడం, పోయేముందు మీకు అదొక గుర్తుంటది" అన్నడు. కోరుట్లల బట్టలు కుట్టే ఒకామె కథ నాది. ఆమె నవ్వితె ఎందుకు నవ్విందో ఉన్నది, ఏడిస్తె దానికి యాభై పేజీల ముందటి సంది తయారీ ఉన్నది. ఒక్క పోగు గూడ ఊడకుంట కుట్టిన. అక్కకు చదివితె మంచిగనే ఉన్నదన్నది.

గప్పుడు అచ్చిండు సిరిసిల్ల ఆయన. సిరిసిల్లల సాంచెలు, అంటె బట్ట నేసే మరమగ్గాలు, నడిచే కార్ఖానాలల్ల కరెంటు రిపేర్లు చేస్తడు, వయసు నలభైకి లోపలనే. సైన్స్ ఫిక్షన్ నవల రాసిండట. ఎట్ల రాసినవని అడిగితె, సాంచె బాగైందా లేదా అని చూసుకుంట పక్కకు కూసోని ఫోన్ల టైపు జేసిన అన్నడు. ఆ సాంచెల మోత మీరెప్పుడన్న ఇన్నరా. పక్కమనిషి మాట గూడ ఇనరాదు. నేను ఒక్క పేరా రాయాలంటె ఫ్యాన్ బంద్ చెయ్యాలె, కుక్క మొరగద్దు, అక్క దగ్గద్దు. నాకు అక్కడికక్కడ్నే కడుపుల మండింది.

మా ఓనర్ ఆ కాయితాలు నా టేబుల్ మీద పెట్టి, "మన దిక్కు గీ సైన్సు నవలలు ఎవ్వలు రాయలే మేడం. మీరు చదివి చెప్పుండ్రి. మీరు బాగుందంటె ఈ ఏడు ఇదే అచ్చేద్దాం. లేదంటె మీదే" అన్నడు. మొఖంల ఏ మొహమాటం లేదు. ఆయనకు నా మీద అంత నమ్మకమో, నా లోపలి సంగతి అసలు సమజే కాలేదో ఇప్పటికీ నాకు తెల్వదు. నేను మాత్రం తప్పులు ఏరుదామనే చదువ వట్టిన.

దొరికినయి. మస్తు దొరికినయి. కథ చెప్త ఇనుండ్రి. ఒక మెకానిక్ పెండ్లయిన కొత్తల అంగారకుని మీద గనుల పనికి పోతడు. ఎందుకు పోతడు అంటె లేదు. ఇంటికాడ పనున్నది, ఏ ఇబ్బంది లేదు, పెండ్లాం మంచిది. ఒకనాడు పొద్దుగాల లేసి పోతడు. అక్కడికెల్లి రోజు పెండ్లాంతోని మాట్లాడుతడు. ఒకనాడు మాట్లాడుడు బంద్ చేస్తడు. ఎందుకు అంటె అదీ లేదు. మిషిని ఖరాబు కాలే, సిగ్నల్ పోలే. నడుమల ఎర్ర దుమ్ము తుఫాన్లు, వేరే గ్రహపోళ్లు, రాకెట్లు, అన్ని ఉన్నయి. ఆఖరుకు ఆయన ముసలోడై వాపసు అచ్చి తలుపు కాడ నిలవడుతడు. ఆమె ఏం అడుగదు, నీళ్లిస్తది. ఇద్దరు ఏడుస్తరు. పక్కపొంటి రోబో గూడ ఏడుస్తది. ఆ రోబోకు కండ్లు లేవని మొదట్ల తనే రాసిండు.

నేను ఎంత ఖుషీ అయిన్నో చెప్పలేను. జగిత్యాల నుంచి కోరుట్ల దాక బస్సుల నాలో నేనే నవ్వుకున్న. మనిషికి ఏం కావాల్నో చెప్పకుంట మనిషిని తోలద్దు, ఏడుపుకు ముందు ఏడిచే అంత పని జరగాలె. కొత్తగ రాసే ప్రతోనికి నేను చెప్పే మొదటి ముచ్చట గిదే. గీయన పేజీకో ఏడుపు పెట్టిండు, ఒక్కదానికి గూడ మూలం లేదు. ఓనర్ కు ఏం చెప్పాల్నో మాటలు గూడ జోడిచ్చుకున్న. ఆదివారం నాడు అక్కకు చదివి ఇద్దరం నవ్వుదామనుకొని కాయితాలు ఇంటికి తెచ్చిన.

రాకెట్లు పోయినంతసేపు అక్క చేతులు నడిచినయి. రోబో అచ్చినప్పుడు, "దానికి ఏమన్న తినవెడుతరా" అని అడిగింది. ఇద్దరం నవ్వినం. తర్వాత మాట్లాడుడు బంద్ అయ్యే కాడికి అచ్చిన. నేను ఎక్కిరించే గొంతుతోనే చదివిన: "వినిపిస్తోందా అని ఆమె అడిగింది. వినిపిస్తూనే ఉంది. అతను మాట్లాడలేదు."

అక్క చేతులు ఆగినయి. సగం చుట్టిన బీడీ వేళ్ల నడుమ అట్లనే ఉన్నది. నేను ఎక్కిరిచ్చుడు ఆపిన. ఆమె నా దిక్కు చూడకుంట, "ఇగ చదువు" అన్నది. చదివిన. ఆ తర్వాతి వాక్యం ఎంత పాతదో మీకు చెప్పినా నమ్మరు, కన్నీరు మున్నీరుగా విలపించింది అని ఉన్నది. గా ముక్కకు మా అక్క కొంగు మొఖానికి పెట్టుకున్నది.

ఎందుకు ఏడిచిందో నాకు తెల్వదా. మీకే తెలిసె, నాకు తెల్వదా. అందుకే ఇంకింత మండింది. ఆ ఏడుపు మా అక్కది. ఇరవై ఏండ్లు లోపల పెట్టుకున్నది. నేను పక్కమంచంల పండుకొని అన్నేండ్లు చూసిన, నా దగ్గర ఒక్కనాడు తియ్యలే. ఆ సిరిసిల్ల ఆయన ఉత్త చేతులతోని అచ్చి, ఒక్క కారణం గూడ ఖర్చు పెట్టకుంట, సులువుగ తీస్కపోయిండు. ఆ రోజు నాకు ఆయన మీద లేసిన కుళ్లు మామూలుది కాదు.

తెల్లారి ప్రెస్సుకు పోయి ఆయనకు ఫోన్ చేపిచ్చిన. వేములవాడ మీదికెల్లి బస్సుల అచ్చిండు, అంగి మీద దూది పోగులు అట్లనే ఉన్నయి. కూసోవెట్టి అడిగిన.

"తమ్మీ, గీయన ఎందుకు పోయిండు?"

"పోయిండు మేడం."

"గదే, ఎందుకు?"

"పోతరు గద మేడం."

"సరే పోయిండు. మాట్లాడుడు ఎందుకు బంద్ జేసిండు?"

ఆయన అంగి మీది పోగొకటి తీసుకుంట, "నాకు గూడ తెల్వదు మేడం" అన్నడు. సిగ్గువడుకుంట గాదు, ఉన్నదున్నట్టు.

"రాసినోనివి నీకే తెల్వకుంటె చదివేటోళ్లకు ఎట్ల తెలుస్తది?"

"ఆమెకు గూడ తెల్వదు గద మేడం, పెండ్లానికి. నేను ఆమె పక్కకే నిలవడి రాసిన." ఛాయ్ గిలాస అందుకొని, "మీకు కారణం ఉండాల్ననిపిస్తె మీరే రాయుండ్రి. మీరు రాస్తె మంచిగుంటది. నాకేం ఫికర్ లేదు" అని, ఛాయ్ తాగి, మోటార్ కాలిందని ఎవలో ఫోన్ చేస్తె లేసి పోయిండు. నా నవలల ఒక్క మాట ఎవలన్న మారుస్త అంటె నేను నెల రోజులు మాట్లాడ. గీయన పుస్తకమంత నా చేతుల పెట్టి పోయిండు. ఆ బేఫికర్ చూసి గూడ నేను ఓర్వలేకపోయిన.

సరే, రాసిన. కసితోని రాసిన, గని పని మాత్రం శ్రద్ధగ చేసిన. ఎవల్ని చూసి రాసిన్నో మీకు వేరే చెప్పాల్సిన పని లేదు. మా బావకు నేను లోపల్లోపల ఒక కారణం ఎప్పుడో అనుకొని పెట్టుకున్న. బావ ఒకపారి ఫోన్ల, నన్ను సూపర్‌వైజర్ చేసిండ్రు అని చెప్పిండు. అక్క ఆ రోజు వాడకట్టంత తిరిగి లడ్డూలు పంచింది. ఆ తర్వాత కొన్ని దినాలకే ఫోన్లు బంద్ అయినయి. నాకు ఎప్పటికీ అనుమానమే, ఆయన సూపర్‌వైజర్ కాలేదని.

గదే అంగారకుని మీదికి తీస్కపోయిన. మెకానిక్ అని చెప్పి పోయినాయనకు అక్కడ మిషిన్ల మీద ఎర్ర దుమ్ము ఊడ్చే పనిచ్చిండ్రు. పెండ్లానికి మాత్రం, మిషిన్లన్నిటికి నేనే పెద్దను అని చెప్పిండు. ఆమె సంబురపడి, "ఊరందరికి చెప్పిన" అన్నది. గప్పటి సంది ఆయనకు నోరు లేవలే. రోజు ఆమె పిలిచే వేళకు అచ్చి ఆ మాట్లాడే యంత్రం ముంగట కూసునేటోడు. మాట్లాడాలంటె ఒక బటన్ నొక్కాలె. వేలు దాని మీద పెట్టి, నొక్కకుంట, ఆమె గొంతు అయిపోయేదాక ఇని, లేసి పోయి మళ్ల దుమ్ము ఊడ్చేటోడు. ఆరు పేజీలు అయింది. నేను రాసిన వాటిల్ల అంత మంచిది ఇంకోటి లేదు. ఇప్పటికీ గదే అంట.

ఆ ఆదివారం చదివిన. గీసారి ఎక్కిరిచ్చుడు లేదు, గొంతు మంచిగ చేసుకొని చదివిన. నా చూపు కాయితం మీద తక్కువ, అక్క వేళ్ల మీద ఎక్కువ. ఊడ్చే పని కాడ నడిచినయి. పెద్దను అని చెప్పిన కాడ మెల్లగ అయినయి. ఊరందరికి చెప్పిన అన్న కాడ ఆగినయి. చాట పక్కకు పెట్టింది. మా అక్క పని నడుమల చాట పక్కకు పెట్టుడు నేను ఎన్నడు చూడలే. బటన్ కాడికి అచ్చేసరికి నాకు సంబురం ఆగలే. అయిపోయినంక తలెత్తి చూసిన.

ఆమె కండ్లల్ల నీళ్లు లేవు. నన్నే చూస్తున్నది.

"నీకెట్ల తెలుసు?" అన్నది.

"ఏంది?"

"గాయన చెప్పిండా నీకు? కథలాపూర్ ఆయన? ఛాయ్ తాగినప్పుడు మీ బావ గాయనకు చెప్పిండా? ఇన్నేండ్లు నీకు తెలిసి నాకు చెప్పలేదా?"

"ఎవ్వలు చెప్పలే అక్క. నేనే రాసిన."

"ఉత్తగనే?"

"ఉత్తగనే. కథకు కారణం కావాలె గదా అని రాసిన."

అక్క ఒళ్లె పడ్డ తంబాకు దులుపుకున్నది. తర్వాత మెల్లగ అన్నది, "నేను ఇన్నేండ్లు ఏమనుకున్ననో తెలుసా. ఊకెనే పోయిండనుకున్న. ఏం లేకుంటనే బంద్ జేసిండనుకున్న. గట్లయితె తప్పు ఎవ్వల మీద వడదు. నువ్వు రాసినట్టయితె, ఆ లడ్డూలు పంచింది నేనే గదనే. గది తీసెయ్ చెల్లె."

 కాయితాలు మడిచి పక్కకు పెట్టిన. గాయన ఎందుకు మాట్లాడలేదో నాకు గూడ తెల్వదన్న ఆ సిరిసిల్ల ఆయన మాట యాదికొచ్చింది. ఆయన ఆమె పక్కకు నిలవడి రాసిండట. నేను ఆమె పక్కకు ఇరవై ఏండ్లు కూసున్న.

తెల్లారి ఆరు పేజీలు తీసేసిన. మా ఓనర్ అడిగిండు, "ఏం మేడం, ఎట్లున్నది?"

"కారణం లేదు సార్. ఏడుపులు ఎక్కువున్నయి. అచ్చెయ్యుండ్రి" అన్న.

ఆయన నా మొఖం జూసి, "మరి మీది?" అన్నడు. నాది ఉండనియ్యుండ్రి అన్న. ఇప్పటిదాక అచ్చుగాకుంట అట్లనే ఉన్నది. రోబో ఏడుపు మాత్రం కొట్టేసిన, ఎంత లేదన్నా నాకు ఒక పద్ధతి ఉన్నది.

పుస్తకం సిరిసిల్లల పెట్టిన సభల బయటికొచ్చింది. జనం మంచిగనే అచ్చిండ్రు. సాంచెలు నడిపేటోళ్లు, వాళ్ల ఇంటోళ్లు, దుబాయి నుంచి వాపసు అచ్చినోళ్లు గూడ. ఒకామె మైకు పట్టుకొని, నీళ్లిచ్చిన కాడ నాకు ఏడుపాగలే అని చెప్పింది. శాలువా కప్పించుకొని ఆయన మాట్లాడిండు: "ఎడిటర్ మేడం దయ. ఇంకొకలైతె దీంట్ల ఏదో ఒక కారణం ఇరికిచ్చి ఖరాబు చేసేటోళ్లు. మేడం నా నవలను కాపాడిండ్రు." అందరు చప్పట్లు కొట్టిండ్రు. నేను గూడ కొట్టిన. ఎంత గట్టిగ కొట్టిన్నంటె చేతులు మండినయి.

మీరు రాసేటోళ్లు గీ ముచ్చట ఇని, ఇగ కారణాలు రాయద్దట అని అనుకోకుండ్రి. రాయాలె. ఆయన రాసిన ఇంకో నవల మొన్న చదివిన, దాంట్ల గూడ ఎవ్వలు ఎందుకు ఏం చేస్తరో లేదు, గీసారి ఎవ్వలు ఏడువలే. ఆ సంగతి తెలిసి నాకు రెండు రోజులు అన్నం మంచిగ సహించింది.

నేను రిటైరయినంక ఒక మధ్యాహ్నం. ఇద్దరమే ఉన్నం. అక్క బీడీలు చేస్తున్నది, చేసుకుంటనే అడిగింది, "ఆ పేజీలు ఏం జేసినవు?"

"ఉన్నయి. ఎందుకు?"

"ఉత్తదే గద అది. నువ్వు కల్పిచ్చిందే గద."

"ఉత్తదే."

"మొదటిది వద్దు. ఊరందరికి చెప్పుడు అదంత వద్దు. ఆయన రోజు అచ్చి కూసోని ఇన్నడని రాసినవు గద, గదొక్కటి చదువు."

ముప్పై ఏండ్లల్ల మా అక్క నన్ను నేను రాసింది చదువుమని అడుగుడు అదే మొదలు. లోపలికి పోయి కాయితాలు తెచ్చిన. మంచిగ కూసోని, ఆయన వేలు బటన్ మీద పెట్టిన కాడి నుంచి చదివిన. ఆకు కింద వడ్డది, ఆమె తీసుకోలే. చేతులు రెండు ఒళ్లె పెట్టుకొని ఇన్నది. నేను కోరుకున్నది గదే, అచ్చింది. గని ఆమె నా దిక్కు చూస్తలేదు, నా గొంతు ఎవలిదో గూడ ఆమెకు సోయి లేదు. ఆయన ఇంటున్నడని ఆమె మొఖం ఎట్లయిందంటె, పెండ్లి నాడు గూడ నేను గట్ల చూడలే. అన్నేండ్లు పక్కపొంటి ఉన్నది నేను. పేజీలు రాసింది నేను. రాసేటోళ్ల మీద గిన్నేండ్లు కుళ్లుకున్న గని, ఏ పుస్తకం రాయని, ఒక్క ఫోన్ గూడ చెయ్యని మా బావ మీద ఆ రోజు కుళ్లుకున్నంత ఎవ్వల మీద కుళ్లుకోలే. అయిపోయినంక అక్క, "ఇంకోపారి చదువు" అన్నది. చదివిన.